ఆషాఢానికి విడిపోయిన రెండు జెర్బిల్‌లు

పోయినవి ముందు రాస్తాను. రెండు జెర్బిల్‌లలో ఒకటి. ఒకదాని వీపు మీద ఒకటి తల పెట్టుకుని అవి నిద్రపోయే అలవాటు. రెండింటికీ కలిపి ఉండిన ఒక వాసన. పాత చేపల తొట్టి అద్దాలు నాలుగింటిలో ఒక అద్దం. నా మేనకోడలు తినకుండా లేచిపోయిన పూటలు, వీటిని ఎవరూ సరిగ్గా లెక్కపెట్టలేదు. ఆ శ్రావణంలో తల్లీ బిడ్డల మధ్య జరగవలసిన మాటలన్నీ. నా తమ్ముడి కుడిచేతి వేలి మీద కొంత చర్మం. ఇందులో అద్దం ఒక్కటే మళ్లీ వేయించగలిగాం.

నేను కేసముద్రం మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో లెక్కలు చూస్తాను. రైతులు తెచ్చిన ధాన్యం, మక్కలు, పత్తి కాంటా ఎక్కుతుంటే రాసుకుని కూడికలు వేయడం నా పని. ఏడో తరగతితో బడి ఆగిపోయింది. మిగతాదంతా మార్కెట్లో నిలబడి నేర్చుకున్నదే. వయసు యాభై దాటింది. ఉండేది మహబూబాబాద్‌లో, అంటే మా వాళ్ల మాటలో మానుకోటలో, ఒక గది, ఒక వంటగది. భర్త పోయిన తర్వాత ఒక్కదాన్నే. పొద్దున ఒక రైలు, సాయంత్రం ఒక రైలు. ఇంటికొచ్చి చెప్పులు విడిచేసరికి నాలో మాట్లాడేంత ఓపిక మిగలదు, మాట్లాడడానికి ఎదురుగా ఎవరూ ఉండరు కాబట్టి ఆ రెండూ సరిపోయేవి.

జెర్బిల్ ఎలుక జాతిదే. గుప్పిట్లో పట్టేంత ఒళ్లు, ఒళ్లంత పొడవు తోక, తోక కొసన చిన్న కుచ్చు. వెనక కాళ్లు పెద్దవి. వాటి మీద లేచి నిలబడి, చేతులు కట్టుకున్న మనిషిలా చూస్తుంది. నా తమ్ముడి బిడ్డ హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ గది తీసుకుని ఉన్నప్పుడు ఒక దుకాణంలో రెండు కొనుక్కుంది. ఒకటి నల్లది, ఒకటి గోధుమ రంగుది. దుకాణపతను "జోడీ" అని ఇచ్చాడు. అప్పటి నుంచి అందరం వాటిని మొగుడూ పెళ్లాలనే అనుకున్నాం. పిల్లలు ఎందుకు పుట్టలేదని మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

ఉద్యోగం మానేసి, పెళ్లి చేసుకుని, ఆ పిల్ల భూపాలపల్లి పోయింది. భర్తకు బొగ్గు గనిలో పని, ఉండడానికి క్వార్టర్. జెర్బిల్‌ల డబ్బా కూడా సారె సామానుతో పాటే పోయింది. పెళ్లైన తర్వాత వచ్చిన మొదటి ఆషాఢానికి, అందరు కొత్త పెళ్లికూతుళ్ల లాగే, తల్లిగారింటికి జనగామ వచ్చింది. డబ్బా మళ్లీ వెంటే వచ్చింది.

ఆ తర్వాత జరిగింది నాకు మొదట ఫోన్‌లో తెలిసింది. పక్కింటి ఆవిడ వచ్చి డబ్బాలోకి తొంగి చూసి అన్నదట.

"ఏందే బిడ్డా, నీ మొగణ్ని భూపాలపల్లిల ఇడిసిపెట్టి వచ్చినవ్. గీ జోడీని మాత్రం ఒక్క డబ్బల పండుకోబెడ్తున్నవ్. వీటికి లేదా ఆషాడం?"

అందరూ నవ్వారు. మా మరదలు నవ్వి ఊరుకోలేదు. ఆమెకు ఇంటి పట్టింపులు ఎక్కువ.

"నిజమే గద. కొత్త పెండ్లికూతురు ఉన్న ఇంట్ల గా జంటను ఎదురుంగ పెట్టుకునుడేంది? జర ఆలోచించుండ్రి."

"విడదీస్తె పోయేదేముంది?" అన్నాడు నా తమ్ముడు. "నెల రోజులే. మల్ల పిల్లలు పెడ్తె ఎవలు సాకాలె?"

"అవి లగ్గం చేసుకున్నయా బాపూ?" అని బిడ్డ నవ్వింది కానీ అడ్డుపడలేదు. తనకూ నెల రోజులే అనిపించింది.

నల్లదాన్ని మేడ మీద బస్తాలుండే గదిలో, పాత చేపల తొట్టిలో వేశారు. గోధుమది కింద వంటగది పక్కన డబ్బాలోనే ఉంది. మధ్యలో ఒకసారి నేను జనగామ పోయినప్పుడు చూశాను. పైనది అద్దం మూలలో గీరుతూనే ఉంది. ముందుకాళ్లతో ఆగకుండా, లేని మట్టిని తవ్వినట్టు. కిందది వెనక కాలితో నేలను కొట్టేది. టకటక, ఆగి, మళ్లీ టకటక. చిన్న డప్పు మీద రెండు వేళ్లతో కొట్టినట్టు ఉండేది. ఆ శబ్దం వినడానికి వాడకట్టు ఆడవాళ్లు వచ్చేవాళ్లు.

"మొగణ్ని పిలుస్తున్నది పాపం."

"మా కోడలన్న గిట్ల ఒక్కసారి పిలిచెనా మా పిలగాన్ని!"

"అది పిలుసుడు గాదత్తా, బుగులైతె గట్ల కొడ్తది" అని నా మేనకోడలు నాతో మెల్లగా అంది. మిక్సీ వేసినప్పుడు, కుక్క మొరిగినప్పుడు భయపడి అట్లాగే కొట్టేదట. ఆమె చెప్పింది నిజమే. కానీ పిలుపు అనుకుంటే నవ్వడానికి బాగుంది, అందుకని ఇంట్లో ఆ మాటే నిలిచింది.

శ్రావణం వచ్చిన మొదటి ఆదివారం, మార్కెట్ సెలవు కాబట్టి, నేనూ పోయాను. బిడ్డను తీసుకపోవడానికి అల్లుడు భూపాలపల్లి నుంచి వచ్చాడు. ముందు వాళ్లిద్దరికీ బొట్టు పెట్టి భోజనం పెట్టారు. తర్వాత జెర్బిల్‌ల సంగతి. మా మరదలు డబ్బా మూతకు పసుపు కుంకుమ పెట్టింది, లోపల కొత్త రవికె గుడ్డ ముక్క పరిచింది. పక్కింటి ఆవిడ ఫోన్ పట్టుకుని వీడియో తీస్తోంది. చేపల తొట్టిని పైనుంచి కిందికి తెచ్చి పక్కన పెట్టారు. నా తమ్ముడు నల్లదాన్ని రెండు చేతుల్లో ఎత్తి గోధుమదాని ముందు దించాడు.

కాసేపు రెండూ కదల్లేదు. ముక్కులు మాత్రం ఆడాయి. తర్వాత ఒక శబ్దం వచ్చింది, పళ్లు ఒకదానికొకటి రాసుకున్నట్టు, గట్టిగా, పొడిగా. తోకల మీద వెంట్రుకలు లేచాయి. మా మరదలు "గుర్తు పట్టినయ్" అంటుండగానే రెండూ ఒక ఉండలా చుట్టుకుపోయాయి. ఏది నల్లదో ఏది గోధుమదో తెలియలేదు. విడదీయబోయిన నా తమ్ముడి వేలిని కొరికాయి. వాడు చెయ్యి విదిలించినప్పుడు తొట్టి పడి అద్దం పగిలింది. అల్లుడు అట్టముక్క అడ్డం పెట్టి విడదీసేసరికి రవికె గుడ్డ మీద రక్తం ఉంది. వీడియో ఇంకా నడుస్తూనే ఉంది. "బంద్ చెయ్యి" అని మేనకోడలు అరిచింది. ఆ పిల్ల గొంతు అంత గట్టిగా నేను ఎప్పుడూ వినలేదు.

నల్లది ఆ సాయంత్రం లోపే చనిపోయింది. గోధుమదానికి మెడ దగ్గర గాయం. మరునాడు హన్మకొండలో పశువుల డాక్టర్‌కు చూపిస్తే ఆయన మందు రాసి, వివరం అడిగి, రెండు మాటలు చెప్పాడు. ఇది ఆడది. పోయినదాని ఫొటోలు ఫోన్‌లో చూసి అదీ ఆడదే అన్నాడు, ఒకే ఈతలో పుట్టినవై ఉంటాయన్నాడు. ఇవి ముఖం చూసి కాదు, వాసనతో తమవాళ్లను గుర్తుపడతాయి. కొన్ని రోజులు వేరుగా ఉంచితే వాసన మారిపోతుంది, తర్వాత ఎదురైనది పరాయిదే.

"అక్కాచెల్లెండ్లా?" అంది మా మరదలు. "మరి జోడీ అంటివి గదనే?"

"దుకాణపోడు అన్నడమ్మా."

ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. అనుకుంటే బాగుండేది. మరదలు వంటగదిలో కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంటూ చిక్కుడుకాయలు తుంచింది. బిడ్డ సంచి సర్దుకుంది. డబ్బా మాత్రం సర్దుకోలేదు. శ్రావణంలో రక్తం చూసిన జీవాన్ని కొత్త కాపురంలోకి తేవద్దని అత్తగారు ఫోన్ చేసిందట, అల్లుడు కూడా తల వంచుకుని "ఇప్పుడొద్దు" అన్నాడు.

"అత్తా, నీ కాడ ఉంచుకో. నేను దాన్ని సూడలేను" అంది మేనకోడలు.

"తీస్కపో వదినె. నువ్వొక్కదానివే ఉంటవ్ గద, నీకు తోడుంటది" అంది మరదలు.

ఆ మాట మంచికే అన్నది. రైల్లో కూర్చుని ఆ మాటనే అటూ ఇటూ తిప్పి చూశాను. నాకు అది తోడైతే కావచ్చు. దానికి నేను ఏమవుతానో ఆ మాటలో లేదు.

ఎదురు సీటు పెద్దమనిషి రఘునాథపల్లి దాకా డబ్బా వైపే చూసి, ఇక ఆగలేక అడిగాడు. "ఏందమ్మా గది? ఉడుతనా?"

"ఎలుక."

"ఎలుకనా! జనగామ నుంచి మానుకోటకు ఎలుకను తీస్కపోతున్నవా? మానుకోటల ఎలుకలు లెవ్వా?"

డబ్బా ఒడిలో పెట్టుకున్న నన్ను చూసి బోగీలో నలుగురు నవ్వారు. నేనూ నవ్వాను. అది మాత్రం బోగీ చక్రాల చప్పుడుకు కాలితో కొడుతూనే ఉంది.

మార్కెట్లో పనిచేసేవాళ్లకు చెవి ఒకటి ప్రత్యేకంగా తయారవుతుంది. హమాలీ బస్తాను కాంటా మీద వేసినప్పుడు వచ్చే చప్పుడు బట్టి వడ్లు ఎండినవో తడివో సుమారుగా చెప్పవచ్చు. తడి బస్తా మెత్తగా, నోరు మూసుకుని పడుతుంది. నేను ఆ చెవితోనే దీన్ని వినడం మొదలుపెట్టాను. కుక్కర్ కూత వేస్తే కాలి కొట్టుడు. గూడ్సు రైలు పోతే కొట్టుడు. నేను తలుపు తీసినప్పుడు కూడా మొదట్లో కొట్టేది, తర్వాత మానేసింది. మూల గీరుడు వేరు, రంపపు పొట్టులో గూడు తవ్వుకునే చప్పుడు వేరు. మొదటిది ఒకే వేగంతో, ఆపలేనట్టు సాగుతుంది. రెండోది ఆగుతూ, చూసుకుంటూ, మళ్లీ మొదలవుతుంది. పళ్ల చప్పుడులో రెండు రకాలున్నాయి. జనగామలో విన్నది కటకట. ఇంకొకటి చాలా మెల్లనిది. చేతిలో కూర్చున్నప్పుడు దాని తల సన్నగా వణుకుతుంటే పుడుతుంది. వినపడడం కన్నా వేలికి తెలుస్తుంది.

ఇవన్నీ నాకు నేనుగా తేల్చుకున్నవి కావు. సాయంత్రం నేను ఇంటికి రాగానే భూపాలపల్లి నుంచి ఫోన్ వచ్చేది. చూడలేనన్న పిల్ల వినకుండా ఉండలేకపోయింది.

"అత్తా, ఫోన్ దాని కాడ పెట్టు."

పెట్టేదాన్ని.

"పండ్ల సప్పుడు గట్టిగున్నదా, మెల్లగున్నదా?"

"మెల్లగనే. గుర్రుమన్నట్టు."

"అయితె మంచిదే. ఎత్తుకున్నవా?"

"నేనెక్కడ ఎత్తుకున్న? అదే ఎక్కి కూసున్నది."

"నా చేతిల గట్ల కూసోవాలంటె ఆర్నెల్లు పట్టింది అత్తా. నీ కాడ ఏమున్నదో!"

"వడ్ల వాసన ఉన్నది. ఇంకేముంటది?"

దాని సంగతి అయిపోయిన తర్వాత కూడా ఫోన్ పెట్టేది కాదు. భర్త షిఫ్టులు వారానికోసారి మారతాయని, ఆయన పగలు పడుకుంటే తను పాత్రలు కూడా చప్పుడు కాకుండా కడుగుతానని, ఉతికి ఆరేసిన బట్టల మీద బొగ్గు నుసి పడుతుందని చెప్పేది. నేను వింటూ అన్నం తినేదాన్ని. అలసిపోయిన రోజు ఊ కొట్టడం కూడా కష్టంగా ఉండేది. అయినా పెట్టెయ్యమని అనలేకపోయాను. ఆ పిల్ల అడుగుతున్నది జెర్బిల్ గురించే అయినా, ఎవరూ లేని ఇంట్లో చప్పుడు కోసం వెతుక్కుంటోందని నాకు తెలుసు. నా ఇంట్లోనూ ఆ ఫోన్ ఒక్కటే మాట.

చలికాలం దాటాక ఒక సంగతి గమనించాను. కుక్కర్ కూత వేసింది, అది కొట్టలేదు. గూడ్సు పోయింది, కొట్టలేదు. పక్కవాళ్ల పెళ్లి బాజా వీధిలోంచి పోతుంటే తల ఎత్తి చూసి, మళ్లీ పడుకుంది. అలవాటు పడిందనుకుని సంతోషంగానే ఫోన్‌లో చెప్పాను.

గూడ్సుకు కూడా కొట్టలేదా అని మేనకోడలు ఇంకోసారి అడిగింది.

"అది తన కోసం కొట్టదత్తా. పక్కనున్నదానికి చెప్పనీకి కొడ్తది, ఏందో వస్తున్నది ఉరుకు అని. ఇప్పుడు ఎవలున్నరని కొట్టాలె?"

నేను డబ్బా వైపు చూశాను. పొట్టులో ఒక పక్కకు ఒదిగి పడుకుని ఉంది. దాని వీపు మీద ఇంకొక తల ఆనేంత ఖాళీ అట్లాగే ఉంది.

ఆ వారమే మళ్లీ డాక్టర్‌ను అడిగాం. తోడు దొరుకుతుంది, కానీ ఊరికే పక్కన వేయకూడదన్నాడు. చిన్న ఆడ జెర్బిల్ పిల్లను తేవాలి. డబ్బా మధ్యలో తీగ జాలీ పెట్టి ఒక పక్క ఇది, ఒక పక్క అది ఉంచాలి. రోజూ వాటి పక్కలు మార్చాలి. ఒకదాని పొట్టులో ఒకటి పడుకుని, రెండు వాసనలు ఒకటైన తర్వాత జాలీ తీయాలి. ఎలుకల కాపురం నిలబెట్టడానికి ఇంత ఓపిక కావాలని ఆషాఢంలో ఎవరైనా చెప్పి ఉంటే మా ఇంట్లో నవ్వేవాళ్లు.

హైదరాబాద్ దుకాణానికి మేనకోడలు ఫోన్ చేసింది. వచ్చే లాటులో ఒక ఆడపిల్ల వస్తుంది, పక్కన పెడతాను అన్నాడు. నేను కేసముద్రంలో గేట్లు, కిటికీలు చేసే దుకాణానికి డబ్బా కొలతలు పట్టుకుపోయాను. మీసం దూరాలి, మూతి దూరకూడదు, అంత కన్నం కావాలన్నాను.

"అక్కా, మేం ఎలుకలకు బోన్లు జేస్తం" అన్నాడు వెల్డింగ్ చేసే ఆయన. "మధ్యల గోడ పెట్టి రెండర్రల ఇల్లు జేసుడు ఇదే మొదలు. కిరాయికి ఇస్తున్నవా ఏంది?"

"ఒక అర్ర ఖాళీ ఉన్నది. నువ్వొస్తవా?"

ఆయన పనివాళ్లు పడి పడి నవ్వారు. జాలీ మాత్రం బాగా చేసిచ్చాడు.

ఖాళీ సగంలో కూడా పొట్టు పరిచాను, కాగితాలు చింపి వేశాను. ఈ సగం మార్చినప్పుడల్లా ఆ సగం కూడా మార్చాను, వేసినది వేసినట్టే శుభ్రంగా ఉన్నా సరే. గోధుమది మొదట్లో జాలీ దగ్గరికి వచ్చి ముక్కు ఆనించి వాసన చూసేది. అవతల కొత్త పొట్టు వాసన తప్ప ఏముంటుంది. లాటు వచ్చింది, అందులో లేవన్నారు. ఇంకో లాటు అన్నారు. చివరికి దుకాణపతను, "గవి రావుడు బందైంది మేడం, హామ్‌స్టర్లు ఉన్నయ్ తీస్కపోండ్రి" అన్నాడు. హామ్‌స్టర్ వేరే జాతి, దీనితో కలవదు. వరంగల్‌లో రెండు చోట్ల అడిగాం. లేవు.

ఎండలు మొదలయ్యాక, చెప్పకుండా, మేనకోడలు ఒక ఆదివారం నా గుమ్మంలో నిలబడింది. చిక్కిపోయి ఉంది. కాళ్లు కడుక్కుని నేరుగా డబ్బా ముందు కూర్చుంది. మూత తీసి చెయ్యి లోపల పెట్టి, కదలకుండా ఉంచింది. అది వచ్చి వేళ్లు వాసన చూసింది. నేను వంటగది గడప దగ్గర చెవి పెట్టి నిలబడ్డాను, కటకట వస్తుందేమోనని. రాలేదు. అరచేతిలోకి ఎక్కింది.

"మరిచిపోయిందో ఏమో అత్తా."

"నిన్నా?"

"నన్ను గాదు. గా దినాన్ని."

భోజనం దగ్గర అసలు సంగతి చెప్పింది. "ఆయన షిఫ్టుకు పోతె మాట్లాడేటోళ్లు లేరు. వచ్చినంక మాట్లాడుదామంటె నాకు మాట పెగుల్తలేదు. ఆయనే అన్నడు, దాన్ని తెచ్చుకో, మా అమ్మకు నేను చెప్త అని."

మజ్జిగ పోసుకుని లెక్క వేశాను. పొద్దున రైలుకు పోతే సాయంత్రం దాకా ఈ గదికి తాళం. వచ్చాక వంట, స్నానం, నిద్ర. దానికి నా నుంచి దక్కేది రోజులో గంటన్నర, రైలు ఆలస్యమైతే అదీ లేదు. అక్కడ రోజంతా ఒక మనిషి ఉంటుంది. ఎట్లా కూడినా అక్కడే ఎక్కువ వస్తోంది. ఆ అంకెను పక్కకు నెట్టడానికి ఒక కారణం వెతికాను. దొరికిన కారణం నేనే, అది దాని లెక్కలోకి రాదు.

"తీస్కపో బిడ్డా. నీ కాడ్నే మంచిగుంటది."

"మరి నువ్వెట్ల?"

"నాకేంది, పొద్దంత మార్కెట్ల ఒర్రుతనే ఉంట. ఇంటికాడన్న నోరు మూసుకోనియ్యి."

ఆ పిల్ల నవ్వి, వెంటనే ఏడ్చింది. మరునాడు పొద్దున హన్మకొండ బస్సు ఎక్కించాను. అక్కడ దిగి భూపాలపల్లి బస్సు మారాలి. జాలీ తీయకుండానే డబ్బా పట్టుకుపోయింది. కండక్టర్ "సామానా, జీవమా?" అని అడుగుతుండగా బస్సు కదిలింది. నేను మార్కెట్‌కు ఆలస్యంగా పోయాను. ఆ రోజు ఒక కూడిక రెండుసార్లు తప్పింది.

ఇప్పుడు మేనకోడలే అటు నుంచి ఫోన్ డబ్బా దగ్గర పెడుతుంది. నేను వింటాను. గూడు తవ్వుకునే చప్పుడు ఉంది. చేతిలో కూర్చుంటే ఆ మెల్లని పళ్ల చప్పుడు ఉందట, అది ఫోన్‌లో సరిగా తెలియదు. గని సైరన్ మోగినా కాలితో కొట్టడం లేదు. మేనకోడలు అన్నం సరిగ్గా తింటోంది. తల్లితో మాట్లాడుతోంది. మరదలు నాకు ఫోన్ చేసి మొదట అడిగేది, "దొరికిందా వదినె?" అనే. తమ్ముడు జనగామ నుంచి హైదరాబాద్ పోయినప్పుడల్లా ఒక దుకాణం అడిగి వస్తున్నాడు. అల్లుడు తన తోటి పనివాళ్లకు చెప్పి పెట్టాడు.

దాని మూతి దగ్గర వెంట్రుకలు తెల్లబడుతున్నాయట. ఇవి మూడేళ్లు, మహా అయితే ఇంకొంచెం బతుకుతాయని డాక్టర్ అన్నాడు. అంటే వెతకడానికి ఉన్నది తక్కువ. మేము వేసిన గింజలు, మార్చిన పొట్టు, ఒళ్లో కూర్చోబెట్టుకున్న సాయంత్రాలు, అన్నీ ఇచ్చిన ఖాతాలో రాసి చూశాను. జాలీకి అవతలి సగం ఇంకా ఖాళీగానే ఉంది. ఆ సగంలో దానికి మేము ఇవ్వవలసిన తోడు ఈ రోజుకీ ఒకటి బాకీ.